వంక గట్టు మలుపు

తిప్పన్నకు కాస్తయినా మనసుంటే సొంత తమ్ముడి గొంతు కోసేవాడా? బోరు లోను తీసుకుందామని నమ్మించి మద్దిలేటి చేత సంతకం పెట్టించుకున్నాడు. చేను తన పేరుకు రాయించుకున్నాడు. కోర్టులో కేసు కూడా పోయింది. ఊళ్లో తల ఎత్తుకోలేక మద్దిలేటి భార్య సువర్ణతో రాయదుర్గం చేరాడు. అన్న మాత్రం అదే చేలో వేరుశనగ వేసుకుని దర్జాగా తిరుగుతున్నాడు. అలాంటి వాళ్లకే వాన కూడా పడుతుంది!

కానీ మద్దిలేటి కడుపుమంటకు కాలింది ఎవరు? సువర్ణే. పొద్దున లేస్తే అన్న మీద తిట్లు, పడుకునేదాకా అవే తిట్లు... అన్నీ ఆమె చెవినే పడేవి.

జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో ఆమె మొదట దారాలు కత్తిరించింది. తర్వాత జేబులు కుట్టడం నేర్చుకుంది. జిప్పు మిషను మీద కూర్చున్న రోజే, కుట్టు వంపు తిరిగే చోట గీత తప్పి సూది వేలిలో దిగింది. వేలు మానాక మళ్లీ దారాల దగ్గరికే పంపారు. మళ్లీ దారాలు, మళ్లీ జేబులు... ఇప్పుడు సూపర్‌వైజర్ కేశవ సోమవారం ఇంకొక్కసారి జిప్పు ఇచ్చి చూస్తానన్నాడు. ఈసారి తప్పితే మరి అడగొద్దన్నాడు.

ఆదివారం పక్కింటి రెబెకా చర్చికి పోతూ వసారాలోని తన కాలి మిషను వాడుకోమంది. కొత్తవాళ్లు సూదికి దారం ఎక్కించకుండా కాగితం మీది గీతల వెంట నడిపి చేయి కుదుర్చుకుంటారు. ఇంట్లో పాత కాగితాలన్నీ అయిపోయాయి. మిగిలింది పెట్టెలోని కేసు కాగితాల జిరాక్సులు.

"అవి ఇయ్యప్పా," అంది సువర్ణ.

"నా బతుకు మే అది!"

"నీ బతుకు ఈడ మిషను ముందర కూచోనుండాది. చూసుకో."

మద్దిలేటి లేచి ఇంట్లోకి వెళ్లి పెట్టె తెరిచాడు. చేను కొలతల పటం నకళ్లు తెచ్చి, ఒకదాన్ని తానే సూది కింద పెట్టి, చేను గట్టు వాగు వెంట వంపు తిరిగే చోటు చూపించాడు.

"వంక గట్టు కాడ మొదలుపెట్టు."

మిషను గడగడలాడింది. మలుపులో సూది గీత దాటింది.

"వంక అవతల మా అన్న చేన్లో దూరినావు చూడు."

"ఆయప్ప మన చేన్లో దూరలేదా ఏమి?"

కేసు పోయిన తర్వాత మొదటిసారి మద్దిలేటి నవ్వాడు. రెండో నకలూ చెడింది. ఇక ఒక్కటే మిగిలింది. సువర్ణ ముందుకు వంగి సూది మీదే చూపు నిలిపింది.

"సూది దిక్కు చూడొద్దు మే. మడకతో చేను దున్నేటప్పుడు నేను కర్రు దిక్కు చూస్తానా? ముందర పోయే దావ చూడు. ఈడ కానుగ చెట్టు ఉండాది. నిదానం..."

"కాగితంలో చెట్టు యాడుండాదప్పా?"

"నాకు కనపడతాండాది. తిప్పు... తిప్పు... ఇంక పోనీ!"

సూది మలుపు దాటింది. గట్టు వెంట తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చింది. సూది పొడిచిన చోటల్లా కాగితం తెగి, చేను ఒక్కటే ఊడి మద్దిలేటి చేతిలోకి వచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం సాయంత్రం యూనిట్ గేటు ముందు మద్దిలేటి నిలబడ్డాడు. అందరూ వెళ్లిపోయాక సువర్ణ బయటికి వచ్చింది.

"ఏమైంది మే?"

"రేపట్నుంచి జిప్పు మిషను కాడనే కూచోమన్నాడు." అంతవరకూ ఆపుకున్న కన్నీళ్లు జలజలా రాలాయి. "వంపు కాడికి వచ్చినప్పుడు నీ కానుగ చెట్టు నాకూ కనపడిందప్పా..."

మద్దిలేటి జేబులోంచి ఆ కాగితం ముక్క తీశాడు. "నిన్ను శానా ఏడిపించినా. దీన్ని పారేద్దామా?"

"ఎందుకు? నాకు పని నేర్పింది అదే. ఉండనీ. తిట్లు మాత్రం ఈడనే వదిలేసి రా."

ఆమె ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని మడతలు సవరించింది. ఎంత చిన్నదో! వేళ్లు ముడిస్తే కనపడదు. మద్దిలేటి పోగొట్టుకున్నది మూడెకరాల పదిహేడు సెంట్లు.