తీసినోళ్లు ఎవురు?

గురునాథ్‌కు బుద్ధి లేదని ఎవరూ అనలేరు. కాకపోతే అది బైకెక్కేవరకే ఉంటుంది. పగలు బళ్ళారి బజారులో నాన్న మల్లికార్జునయ్య పెట్టిన బట్టల కొట్టు చూసుకుంటాడు. సాయంత్రమైతే కురుగోడు వైపు కాలువ గట్టు మీద బండి దూకిస్తాడు. మొన్న హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, స్పీడోమీటర్ ముల్లు నూట నలభై దాటడం వీడియో తీసి, సొంత పేరుతోనే నెట్లో పెట్టాడు. వెతికే పని కూడా పెట్టలేదు మహానుభావుడు. పోలీసులు నేరుగా స్టేషన్‌కు రమ్మన్నారు.

సందెవేళ. ఫ్యాను కిర్రుమంటోంది. హెడ్ కానిస్టేబుల్ హంపయ్య టీ తాగుతూ నిదానంగానే మాట్లాడాడు.

"నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పుకుంటివి గదప్పా. అతివేగం కేసు. లైసెన్సు పోతాది, కోర్టులో జుల్మానా కట్టాల."

అంతేనా అని గురునాథ్ లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. వీడియో చివర అతను కత్తిరించి పారేసిన ముక్క ఒకటుంది మరి. గట్టు రోడ్డు మీద సగందాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటిని కుప్ప చేస్తున్న ముసలామెకు బండి తగిలింది. దబ్బున ఒక చప్పుడు. ఆ వెంటనే నీళ్ళ చప్పుడు. దిగి కాలువలోకి తొంగి చూశాడు. నీళ్ళు మామూలుగానే పోతున్నాయి. చుట్టూ ఎవరూ లేరు. బండెక్కి వచ్చేశాడు. అది బయటపడితే జుల్మానాతో పోదు, జైలే. అప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

"ఇంకోటి," అంటూ హంపయ్య తన ఫోన్ ఇటు తిప్పాడు. "ఈ వీడియో తీసినోళ్లు ఎవురు? వాళ్ల మీదా కేసుంటాది."

"నేనే సార్. ఒంటిగా పోయింటి."

"హౌదా, నిజమేనా? ముందర మీటరు కనిపిస్తాది, సరే. ఆ తర్వాత నీ వీపు యాడనుంచి తీసినావప్పా?"

గురునాథ్ చూశాడు. తను కత్తిరించిన చోట వీడియో ఆగలేదు. గట్టు వదిలి బళ్ళారి వైపు పారిపోతున్న తన వీపే అందులో ఉంది. కెమెరా రోడ్డుకు జానెడెత్తులో వెంటపడుతోంది. ఎవరిదో ఆయాసం... తడి కాళ్ళ చప్పుడు... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

ఫ్యాను ఆగింది. గదిలో పచ్చి వడ్ల వాసన, బురద వాసన.

"ఎవురప్పా?"

"తెలీదు సార్... ఒట్టు..."

"నేనేప్పా తీసింది." వెనక నుంచి ముసలి గొంతు గుసగుస.

హంపయ్య గురునాథ్ భుజం మీదుగా చూశాడు. "కూర్చో అక్కా. ఒళ్లంతా ఆ నీళ్లేంది? పేరేంది?"

"దుర్గక్క."

గురునాథ్ మెడ తిప్పలేకపోయాడు. కాళ్ళ దగ్గర నేల తడిసింది. ఆ తడిలో వడ్లగింజలు ఒక్కొక్కటే కొట్టుకొచ్చి అతని చెప్పులకు అంటుకుంటున్నాయి. భయంతో ఏడుపొచ్చింది.

"ఆయప్పని తీసింది నేనే. నన్నే... ఇంకా ఎవురూ తియ్యలేదు."

"యాడనుంచి తియ్యాలక్కా?"

బల్ల మీద ఫోన్లో వీడియో ఇంకా ఆడుతూనే ఉంది. ఇప్పుడందులో రోడ్డు లేదు. పచ్చటి నీళ్ళు. ఆ నీళ్ళకు పైన, గట్టు మీద నుంచి తొంగి చూస్తున్న ముఖం... గురునాథ్ ముఖమే. అది వెనక్కి తిరగలేదు. మెల్లగా, ఇంకా కిందికి వంగుతోంది...

ఆ రోజు గురునాథ్ అంత కిందికి వంగనే లేదు.