పులిగడ్డ రేవు దాటేలోగా

బస్సు ఇంకా పూర్తిగా ఆగలేదు.

లతీఫా దిగిపోతుంది. ఎడమచేతిలో సంచి. కుడిచేతిలో ఏడేళ్ళ ఖైరున్ మణికట్టు.

"ఖాలా, చెయ్యి నొప్పి..."

వినదు. రేవు వైపు పరుగు.

పొద్దు వాలుతోంది. కృష్ణకి అవతల పెనుమూడి. అక్కణ్ణుంచి రేపల్లె. అక్కడ రైలెక్కితే తెనాలి... తమ్ముడి ఇల్లు.

తమ ఊరు గుడివాడ స్టేషన్లో ఎక్కితే భర్త ఇబ్రహీం ముందు అక్కడే వెతుకుతాడు. అందుకే బందరు, చల్లపల్లి మీదుగా మూడు బస్సులు మారింది.

సంచిలో ఉత్తరం ఉంది. నిన్న వచ్చింది. పిల్లని కన్నతల్లి, తన చెల్లెలు షరీఫా రాసింది.

'సోమవారం వస్తున్నాను అక్కా. ఖైరున్ సంగతి తేల్చుకోవాలి.'

తేల్చుకోవాలట! అంటే తీసుకుపోతానని.

రెండేళ్ళ కిందట ఉప్పెన. లుంగీలు అమ్మడానికి దివిసీమ వెళ్ళిన షరీఫా భర్త తిరిగి రాలేదు. ఆమె బందరులో అద్దకం షెడ్డులో పనికి కుదిరింది. పడక కూడా అక్కడే. పిల్లకి చోటు లేదు. కాస్త నిలదొక్కుకునేదాకా ఉంచుకోమని బతిమాలింది. పిల్లల్లేని లతీఫా సరేనంది.

కాగితం లేదు. మాట మీదే.

బళ్ళో వేసింది తను. తట్టు పోస్తే పదకొండు రాత్రులు మేలుకుంది తను. ఆ జ్వరంలో పిల్ల కలవరించింది మాత్రం అమ్మీ అని.

నెలకోసారి వచ్చి, గంట కూర్చుని, జడ వేసి వెళ్ళిపోయే మనిషి అమ్మీ. రోజూ అన్నం కలిపి పెట్టే తను ఖాలా. వట్టి పెద్దమ్మ.

షరీఫా అటు వెళ్ళగానే ఆ జడ విప్పేసేది లతీఫా. మళ్ళీ తనే వేసేది. ప్రతిసారీ.

పడవ కదలబోతోంది.

ఎక్కేస్తుంది. పడవ నడిపే సత్తిబాబు గెడ వేస్తాడు.

ఐదు గజాలు... పది...

హమ్మయ్య.

"అమ్మీ సోమవారం వస్తుందిగా ఖాలా? మనం ఇంట్లో లేకపోతే ఎలా?"

మళ్ళీ అదే మాట.

"రాదు."

"ఎందుకని?"

"చచ్చిపోయింది మీ అమ్మీ. ఇక నీకు అమ్మని నేనే."

అనేసింది.

ఖైరున్ ఏడవదు. నీళ్ళకేసి చూస్తుంది.

గట్టు మీద హారన్!

టాక్సీ. ముందు డోరు తీసుకుని ఇబ్రహీం దూకుతాడు. భార్య పోతే తెనాలే పోతుందని అతనికి తెలుసు. బందరు బస్సెక్కిందని బస్టాండులో ఎవరో చెప్పి ఉంటారు.

వెనక డోరు కూడా తెరుచుకుంది. బురఖా ముసుగు పైకెత్తి పరిగెడుతోంది ఇంకో మనిషి.

షరీఫా! సోమవారం దాకా ఆగలేదు.

పడవ తిప్పమని ఇబ్రహీం కేకలు. తిప్పొద్దంటుంది లతీఫా. సత్తిబాబు ఇద్దరినీ చూసి గెడ ఆపేస్తాడు.

"అమ్మీ!"

లతీఫా తల తిప్పేలోగా పక్కన బల్ల ఖాళీ.

దభేల్...

నీళ్ళలో గౌను. ఒక చెయ్యి. ఆ తర్వాత ఏమీ లేదు.

లతీఫాకి ఈత రాదు.

దూకేస్తుంది.

నోట్లో నీళ్ళు. ముక్కులో నీళ్ళు. చీకటి. వేళ్ళకి గుడ్డ తగులుతుంది... పట్టుకుంటుంది. వదలదు.

సత్తిబాబు గెడ చాచి ఇద్దరినీ పడవ అంచుకి లాగుతాడు. వెనక్కి తిప్పుతాడు. నడుం లోతు నీళ్ళలోకి ఎదురొచ్చి పిల్లని అందుకుంటుంది షరీఫా.

ఖైరున్ దగ్గుతుంది. నీళ్ళు కక్కుతుంది. తల్లి మొహం రెండు చేతులతో తడిమి చూస్తుంది.

"నువ్వు చచ్చిపోయావని చెప్పింది ఖాలా."

ఇబ్రహీం తల దించుకుంటాడు.

షరీఫా అరవదు. తిట్టదు. పిల్ల తల తుడుస్తూ లతీఫా వైపు తిరుగుతుంది.

"శుక్రవారం నాకు నిఖా అక్కా. ఏలూరు మనిషి. పిల్ల వద్దన్నాడు. దీన్ని ఇక నీకే ఇచ్చేద్దామని వచ్చాను."



లతీఫా తడి చేతులు వాటంతటవే ముందుకు సాగుతాయి.

"ఇవ్వు చెల్లీ... ఇచ్చెయ్."

"ఇందాకటిదాకా ఇచ్చేదాన్నే."

పిల్లని భుజాన వేసుకుని టాక్సీ వైపు నడుస్తుంది షరీఫా. మరి నిఖా మాటేమిటని వెనకనుంచి మెల్లగా అడుగుతాడు ఇబ్రహీం.

"వద్దని కబురు పెడతాను బావా."

ఢాం!

టాక్సీ డోరు.