వినీల కంప్యూటర్‌కి కలంకారీ ముసుగు

"మీరే పెంచారు, మీరే దించండి!" గుమ్మంలోనే తగులుకుంది వినీల.

కంప్యూటర్లు బాగుచేసే నితిన్, బందరు నుంచి బండి మీద వానలో తడుస్తూ వచ్చి, బిక్కమొహం వేశాడు. పెడనలో వినీల వాళ్ళది కలంకారీ అద్దకం పని. డిజైన్లన్నీ ఆమె కంప్యూటర్‌లోనే గీస్తుంది. స్పీడు చాలడం లేదంటే, నెల క్రితం అతనే ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసిపెట్టాడు. అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ పరిగెత్తించాడు. అప్పట్నుంచీ అది పరిగెత్తడం, పడిపోవడం.

"మళ్ళీ ఆగిందా?"

"మొన్న మీరు వెళ్తూ గేటు దాటగానే! ఇవాళ కూడా ఆగిందంటే నేనే పాత సెట్టింగ్స్‌కి దించేస్తాను. ఇక మీరు శ్రమపడి రానక్కర్లేదు."

నితిన్ గబగబా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కంప్యూటర్ ఏమైపోయినా ఫర్వాలేదు గానీ, ఈ ఇంటికి రానక్కర్లేదంటే ఎలా బతకడం?

ర్యామ్‌ని పాత స్పీడుకు దించి చూశాడు. తప్పు దానిది కాదు. వోల్టేజ్ కాస్త పెంచాడు, కాస్త తగ్గించాడు. స్ట్రెస్ టెస్ట్ పెట్టి గంటసేపు ప్రాసెసర్‌ని చావగొట్టినా అది కిమ్మనలేదు. పక్కన వినీల చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అతన్నే చూస్తోంది. ఆ చూపుకి హ్యాంగయ్యేది అతనే.

"వేడి డెబ్బై రెండు డిగ్రీలండీ. చాలా స్టేబుల్."

"ఇంకేమైనా చెప్తారా?"

"ఫ్యాన్ కూడా బాగా తిరుగుతోందండీ."

వినీల గట్టిగా నిట్టూర్చి తన డిజైన్ తెరుచుకుంది.

పని ముగించుకుని వెళ్తూ, ఊరు దాటాక హెల్మెట్ మర్చిపోయానని గుర్తొచ్చి నితిన్ వెనక్కి వచ్చాడు. గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. వినీల వాళ్ళమ్మ కనకదుర్గ, సీపీయూకి నాలుగు వైపులా తొడిగిన నెమళ్ళు అద్దిన దళసరి గుడ్డ ముసుగుకి, వదులైన నాడాలు మళ్ళీ బిగిస్తోంది.

"ఆంటీ! ఏంటిది?"

"ఫ్రిజ్‌కుంది, మిక్సీకుంది, దీనికి లేకపోతే బావుంటుందా బాబూ? నువ్వొచ్చినప్పుడు విప్పుతాను, వెళ్ళగానే తొడుగుతాను."

"ఊపిరాడక చస్తోంది ఆంటీ అది!"

అతనా మాట అన్నాడో లేదో, స్క్రీన్ నల్లబడింది. నితిన్ వినీల వైపు తిరిగాడు.

"మీకు తెలుసా?"

"మొదట్నుంచీ."

"మరి నాకెందుకు ఫోన్ చేశారు?"

"ఎందుకా? నెల్రోజులుగా వస్తున్నారు, డిగ్రీలు, వోల్టులు తప్ప ఇంకో మాట మాట్లాడారా? నేను ఆడపిల్లనా, మదర్‌బోర్డునా?"

నితిన్ ఒకడుగు ముందుకు వేశాడు. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ మాట్లాడలేడు.

"మీరంటే ఇష్టమండీ. చాలా ఇష్టం. అందుకే నోరు పెగల్లేదు."

వినీల మొహం ఎర్రబడింది. కనకదుర్గ నాడాలు విప్పి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అయితే ఈ ముసుగు దీనికి వద్దంటావు?"

"వద్దు అత్తయ్యగారూ."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. వినీల కిసుక్కున నవ్వింది. కనకదుర్గ మాత్రం నవ్వలేదు. ముసుగు దులిపి, తడిసిన అతని భుజాల చుట్టూ కప్పింది.

"మీ మావయ్య ఇంకాసేపట్లో వస్తారు. ఆ మాట ఆయనకీ చెప్పు. ఎన్ని డిగ్రీలు వేడెక్కినా అక్కణ్నుంచి కదిలావంటే ఊరుకోను."