బండిలో లేని చప్పుడు

కారులో కొత్త చప్పుడు మొదలైతే మీరు ముందు ఎవరిని అనుమానిస్తారు? ఇంజన్‌నా, రోడ్డునా, అమ్మినోడినా? కారులో కూర్చున్న మనిషిని ఎందుకు అనుమానించరు?

తొందరపడి జవాబు చెప్పొద్దు. నేనూ అట్ల తొందరగా చెప్పేదాన్నే. ప్రొద్దుటూరు కాలేజీలో మూడేండ్లు డిబేట్లలో నాకు ఎదురు నిలబడినోళ్లను అడగండి, శ్వేత అంటే ఎవరో చెప్తారు. అవతలి మనిషి ఊపిరి పీల్చుకునే సందులో నా మాట దూరేది. ఇప్పుడు నాకు కోపం రాదు. ఏడుపూ రాదు. పన్ను పీకే ముందు సూదేస్తే దవడ ఎట్ల ఉంటుందో, మనిషి మొత్తం అట్ల ఉంది. అందుకే ఇదంతా వరసగా చెప్పగలుగుతున్నాను. ఒక్క సంగతి మాత్రం చివర్లో చెప్తాను. మెకానిక్‌కు కూడా దాన్ని చివర్లోనే చెప్పినాము.

మా అన్న జోయల్‌కు ఒక పాత డీజిల్ కారుంది. జమ్మలమడుగు నుంచి పేషెంట్లను కడపకు, తిరుపతికి తీసుకుపోతాడు. మా ఇల్లు గడిచేది దాని మీదనే. మార్చి రెండో వారం దాటినాక అందులో ఒక చప్పుడు మొదలైంది. ఎండుకాయలు రేకు డబ్బాలో వేసి ఊపినట్టు. గలగల... కాసేపు ఆగి, మళ్లీ గలగల. పెద్ద చప్పుడేం కాదు. కానీ ఒకసారి చెవిన పడితే ఇంక వేరేది వినపడదు.

"ఏందన్నా అది?"

"ఏం లేదులే. పాత బండి గదా."

"పాత బండైతే దగ్గాల, మూలగాల. గింజలెందుకు ఆడతాయి?"

 నెల రోజులు నేను అడుగుతూనే ఉన్నాను, అన్న దాటేస్తూనే ఉన్నాడు. "నడిరోడ్డులో బండి ఆగిపోయి, లోపల ప్రాణం మీదికొచ్చిన మనిషుంటే ఎవరు జవాబు చెప్పాల?" అని అమ్మ ముందర నిలదీసినాను.  ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున ప్రొద్దుటూరుకు తీసుకుపోయి, అబ్దుల్ వాహిద్ మామ షెడ్డు ముందర బండి ఆపించినాను.

వాహిద్ మామకు యాభై దాటినాయి. ఆయన బండిని చూడకముందు బండి తెచ్చినోళ్లను చూస్తాడు.

"ఎప్పుడొస్తాంది? స్టార్ట్ చేయంగానేనా, వేడెక్కినాకనా?"

"ఎప్పుడైనా వస్తాది మామా."

"గేర్లోనా, న్యూట్రల్లోనా?"

"రెంట్లోనూ."

"బండికేమన్నా తగిలిందా?"

"లేదు," అన్నాడు అన్న. "లేదు," అన్నాను నేను. ఇద్దరి మాటా ఒకేసారి పడింది. మామ ముందు బంపరు వైపు ఒకసారి చూసి, బానెట్ ఎత్తినాడు.

ఆయన దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటుంది. దాని మొన ఇంజన్ మీద పెట్టి, పిడిని చెవి పక్క ఎముకకు ఆనించి, కండ్లు మూసుకుంటాడు. డాక్టర్ గుండె విన్నట్టు. బెల్టు దగ్గర విన్నాడు. ఆల్టర్నేటర్ దగ్గర విన్నాడు. కిందికి దూరి సైలెన్సర్ మీది రేకు తట్టి చూసినాడు.

"ఈ ఇంజన్ నాకంటే ఆరోగ్యంగా ఉండాది పాపా. దీనికి బీపీ కూడా లేదు."

"నిలబెట్టి వింటే ఏం తెలుస్తాది? నడిపి చూడు."

మామ, అన్న ఇద్దరూ దువ్వూరు దిక్కు పోయి ఇరవై నిమిషాలకు తిరిగొచ్చినారు. చప్పుడు లేదన్నారు.

"చెవులు షెడ్డులో పెట్టిపోయినారా మామా?"

"నోరు మాత్రం బాగుంది నీకు. ఎక్కు, ఎక్కి చూపించు."

వెనక సీట్లో ఎడమ పక్క కూర్చున్నాను. ఎప్పుడూ నేను కూర్చునే చోటే అది. వీధి చివరికి కూడా పోలేదు. గలగల... మామ కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది. అద్దంలో నన్ను చూసినాడు.

ఇంక అది ఆయన పరువు సంగతైంది. వెనక సీటు పీకి కింద చూసినాడు. డిక్కీ ఖాళీ చేయించినాడు. తలుపు అట్ట ఊడదీసినాడు. నట్టు లేదు, గింజ లేదు, రాయి లేదు.

"నీ బరువెంత పాపా?"

"యాభై రెండు."

"ఆడపిల్లను బరువడిగితే కొడతారంటారే! బతికిపోయినా." నేను కూర్చున్న చోట రెండు పాత లారీ బ్యాటరీలు పెట్టించి బండి తిప్పినాడు. చప్పుడు లేదు. అవి దించి నన్ను కూర్చోబెట్టినాడు. గలగల. నన్ను ముందు సీట్లోకి మార్చినాడు. అప్పుడూ వచ్చింది.

"యాడి నుంచి వస్తాందో నువ్వు చెప్పు," అన్నాడు. డ్యాష్‌బోర్డు దగ్గర అన్నాను, కాదు కింది నుంచి అన్నాను, వంద చెప్పినాను. చెప్తున్నంతసేపూ చప్పుడు లేదు.

మామ బండి పక్కకు తీసినాడు. "మాట్లాడొద్దు," అన్నాడు.

ఊరుకున్నాను.

గలగల...

"మాట్లాడు."

"ఏం మాట్లాడాల మామా? ఇదేం పరీక్ష? మనిషి మాటకూ ఇంజన్‌కూ సంబంధమేంది?" ఏమీ వినపడలేదు.

"ఊరుకో."

గలగల...

తిరిగి షెడ్డుకొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ప్రొద్దుటూరు ఎండ మీకు తెలుసు. రోడ్డు మీద కుక్క కూడా లేదు. తారు కరిగిన వాసన, కాలిన ఆయిల్ వాసన. గాలి పూర్తిగా నిలిచిపోయింది. పక్క ఖాళీ స్థలంలో పెద్దసుబ్బమ్మ అనే ముసలామె మేకలు గోడ నీడలో పడుకొని ఉన్నాయి. మామ తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపినాడు. ఫ్యాను తిరిగి తిరిగి నిలబడింది. వేడి ఇనుము చల్లబడుతూ టిక్... టిక్... అంది. తర్వాత అదీ ఆగింది.

ముగ్గురిలో ఎవరమూ మాట్లాడలేదు.

గలగల...

ఇంజన్ లేదు. గాలి లేదు. గలగల...

మామ తాళంచెవి బయటికి పీకి చూసుకున్నాడు. వెనక సీట్లో అన్న స్టీరింగ్ పట్టుకున్నట్టు ఉత్త గాలిని పట్టుకొని కూర్చున్నాడు. పక్క స్థలంలో మేకలు లేచినాయి. ఒకటి... రెండు... ఏడు. పరిగెత్తలేదు. నడుచుకుంటూ వచ్చినాయి. నా తలుపు దగ్గర నిలబడినాయి. ముందరిది కాళ్లెత్తి కిటికీ మీద పెట్టింది. దాని ఊపిరి నా చెంపకు తగిలింది. పులిసిన గడ్డి వాసన. మేత పెట్టేవాళ్లకేసి మేకలు ఎట్ల చూస్తాయి? చేతుల దిక్కు చూస్తాయి. ఇవి నా గొంతును చూస్తున్నాయి.

పెద్దసుబ్బమ్మ కట్టె పట్టుకొని వచ్చింది. "ఏందమ్మే, నీడలో పండుకున్న మేకల్ని ఎండలోకి పిలుస్తాండావు?"

"నేను పిలవలేదవ్వా."

"తుమ్మకాయల డబ్బా ఊపుతాండావు గదా! మేకలు కాసేటోళ్లు ఊపేది ఇట్లనే. యాడుంది డబ్బా?"

రెండు చేతులూ చాపి చూపించినాను. ఆమె చేతులు చూసింది. నేను మాట్లాడలేదు. గలగల... ఆమె చూపు చేతుల మీంచి మెల్లగా పైకొచ్చి, నా మెడ దగ్గర ఆగింది. మేకల్ని కొట్టకుండా, అదిలించకుండా, కొమ్ములు పట్టుకొని ఒక్కొక్కదాన్నే లాక్కుపోయింది. వెనక్కు తిరిగి చూడలేదు.

వాహిద్ మామ బండి దిగి స్క్రూడ్రైవర్‌ను గుడ్డతో తుడిచినాడు. నా దగ్గరికి రాకుండా, మొన నా వైపుకు చాపినాడు. ఎందుకని నేను అడగలేదు. మొన పట్టుకొని నా గొంతు గుంటలో నేనే ఆనించుకున్నాను. ఆ ఎండలో ఇనుము చల్లగా ఉంది. మామ పిడికి చెవి పెట్టి కండ్లు మూసుకున్నాడు. శానాసేపు.

"ఏముంది మామా?" అని గుసగుసగా అడిగినాను.

ఆయన అన్న వైపు తిరిగినాడు. పొద్దున అడిగిన గొంతుతోనే మళ్లీ అడిగినాడు.

"బండికేం తగిలింది జోయలూ?"

అన్న బండి దిగి నేల మీద కూలబడినాడు. "నేను ఆపినా మామా," అన్నాడు. "నేను బండి ఆపినా..."

చివర్లో చెప్తానన్నది ఇదే. 

మార్చి రెండో శుక్రవారం. పులివెందులలో డిబేట్. మొదటి బహుమతి నాదే. అన్న వచ్చి తీసుకుపోతున్నాడు. ముద్దనూరు దాటినాము. పొద్దు వాలి ఎండ కండ్లలో పడుతోంది. ఏదో తగిలింది. మెత్తగా. తర్వాత రేకు డబ్బా దొర్లిన చప్పుడు. అన్న బ్రేకు వేసి, తలుపు మీద చెయ్యి వేసినాడు. వెనక సీట్లోంచి ఆ భుజం పట్టుకున్నది నేను. మూడు పాయింట్లు చెప్పినాను. ఒకటి, తగిలింది మేకే అయ్యుండొచ్చు. రెండు, మనిషైతే ఊరోళ్లు వచ్చి మనల్ని ఇక్కడే కొడతారు. మూడు, నువ్వు జైలుకు పోతే అమ్మకు అన్నం ఎవరు పెడతారు? 

అన్న దగ్గర జవాబు లేదు. నేను గెలిచినాను.

దొర్లే డబ్బా దొర్లినంతసేపే మోగుతుంది. అది దొర్లి ఆగింది. ఆగి... మళ్లీ మోగింది. ఎవరో చేత్తో ఊపినట్టు. ఆపి, మళ్లీ ఊపినట్టు. గొంతు లేవని మనిషి పిలిచినట్టు. అన్నకు అది వినపడకూడదని నేను గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టినాను. జమ్మలమడుగు వచ్చేదాకా ఆపలేదు.

అయినా అన్నకు అప్పుడే వినపడింది. ఆ చప్పుడు నేను ఎక్కితేనే వస్తుందని కూడా మొదటి రోజు నుంచే తెలుసు. నెల రోజులు "ఏం లేదులే" అన్నది అందుకే.

ఆ మధ్యాహ్నమే అన్న, నేను స్టేషన్‌కు పోయినాము. అక్కడున్నాయన అన్నం తింటూ విన్నాడు.

"చచ్చినోడెవరమ్మా?"

"తెలీదు సార్."

"ఫిర్యాదు ఎవరిచ్చినారు?"

"ఎవరూ ఇవ్వలేదు. నేనే చెప్తాండా."

చెయ్యి కడుక్కొని వచ్చి రిజిస్టరు తిప్పినాడు. ఆ వారంలో ఆ రోడ్డులో ప్రమాదం లేదు. శవం లేదు. మనిషి కనపడటం లేదని వచ్చినోళ్లు లేరు. "మేకో, దున్నపోతో అయ్యుంటాది. ఎండలో తిరగొద్దు, ఇంటికి పోమ్మా." ఆయన చెప్పింది నా మొదటి పాయింటే.

అక్కడి నుంచి నేరుగా ఆ చోటికి పోయినాము. రోడ్డు మీద మరక లేదు, గాజుపెంకు లేదు. పక్క చేన్లో ఎరువు కోసం మంద నిలిపినారు. వల కట్టి లోపల గొర్రెలు, మేకలు. ఐదుమంది కాపర్లు పొయ్యి చుట్టూ ఉన్నారు. అందరిలో పెద్దాయన పేరు ఆదెన్న.

"తాతా, మీ వాళ్లలో ఎవరన్నా... ఈ నెల రోజుల్లో దెబ్బ తగిలి... కనపడకుండా పోయినారా?"

"మా వాళ్లా? ఐదుమందిమి వచ్చినాము, ఐదుమందిమీ ఉండాము. లెక్కపెట్టుకో పాపా."

లెక్కపెట్టినాను. ఐదుమందే. డబ్బాల సంగతి అడిగితే నవ్వి, ఎవరి డబ్బా వాళ్లు తీసి చూపించినారు. ఐదు డబ్బాలు. అయితే తగిలింది మేకే అనుకున్నాను. అన్న రెండు చేతుల్లో ముఖం పెట్టుకొని ఏడ్చినాడు.

"ఏమప్పా, ఏమైంది? తిన్నారో లేదో. కూర్చోండి," అన్నాడు ఆదెన్న.

ఒకాయన సంగటి గుండిగ దించినాడు. చెయ్యి తడుపుకొని ముద్దలు చేసి ఆకుల్లో పెడుతున్నాడు. పక్కన ఊరిబిండి పచ్చడి. పొగ, రాగి వాసన, చీకటి పడే ముందరి ఎర్రటి వెలుతురు. ముద్దలు ఒకటి... రెండు... ఐదు... ఆరు.

మాకు పెట్టిందేమో అనుకున్నాను. కానీ మా ఆకులు ఇంకా పరవలేదు. ఆ ఆరో ఆకు వాళ్ల వరసలోనే ఉంది. దాని ముందర ఎవరూ కూర్చోలేదు.

"ఇది ఎవరికి తాతా?"

ఆదెన్న ఆ ముద్దను చూసినాడు. దాన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు. "ఎవరికంటే... ఎప్పుడూ ఆరే గదా చేసేది."

"మీరు ఐదుమంది గదా."

 ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముద్దలు చేసినాయన తన చేతికేసి చూసుకున్నాడు. "చెయ్యి ఆరు చేస్తాది," అన్నాడు మెల్లగా. "ఎందుకో తెల్దు."

బండి దూరంగా రోడ్డు మీద ఉంది. నా నోరు మూతపడింది.

గలగల...

వల లోపల మంద మొత్తం లేచి నిలబడింది. ఒక్కటీ అరవలేదు. పొయ్యి దగ్గర ఐదుమందీ తలెత్తకుండా, చేస్తున్న పని ఆపకుండా, అటు ముగ్గురు ఇటు ఇద్దరు జరిగి, మధ్యలో చోటు చేసినారు.

"ఇంతసేపా? రా, చల్లారిపోతాంది," అన్నాడు ఆదెన్న.

"ఎవరిని... ఎవరిని పిలిచినావు తాతా?"

"నేనా?" అన్నాడు. "నేనెవర్ని పిలిచినా?" నిజంగానే అడిగినాడు. తర్వాత తను జరిగిన చోటు చూసుకున్నాడు. ఎందుకు జరిగినాడో ఆయనకు తెలియలేదు. ఆ ఆకులో ముద్దకు ఒక పక్క వేళ్లు దిగిన గుర్తులున్నాయి.

నేను ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరి ముందర ఒప్పుకోవాలో తెలియడం లేదు. ఆ మనిషికి పేరుంటుంది. తల్లో, పెండ్లామో, కడుపున పుట్టినోళ్లో ఉంటారు. వాళ్లకు కూడా గుర్తు లేకుండా పోయినాడేమో.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ పూట అన్నం వడ్డించుకునేటప్పుడు ముందు మీ ఇంట్లో కంచాలు లెక్కపెట్టండి. తర్వాత మనుషుల్ని లెక్కపెట్టండి. కంచం ఒకటి ఎక్కువొచ్చి, అది ఎవరిదో ఎంత తలుచుకున్నా గుర్తు రాకపోతే... దాన్ని తీసేయొద్దు. వడ్డించి పెట్టండి. పెట్టి నాకు చెప్పండి, వస్తాను.