ముసలమ్మతో మాట్లాడొద్దు!

“కుడి వైపు! కుడి వైపు పో! నీ కుడి చెయ్యి యాదో నీకు తెలీదా?”

శామ్ అరిచిన అరుపుకు గిన్నెలు కడుగుతున్న అమ్మ ఉలిక్కిపడింది. ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, ఓర్వకల్లు ఊరంతా ఎండకు భయపడి తలుపులు వేసుకున్న వేళ.

మహిమ మాత్రం ఉలిక్కిపడలేదు. ల్యాప్‌టాప్ ముందు మఠం వేసుకుని కూర్చుని, తాపీగా ఎడమ వైపుకే వెళ్లింది.

“ఈడ పూలు ఉండాయన్నా. చూసి వస్తా.”

“ఆ పూలతో ఏం పని లేదు మే! ఉత్త బొమ్మలవి!”

“నాకు పని ఉండాది.”

శామ్ తల పట్టుకున్నాడు.

ఆ ఆట పేరు ‘ఏడు కోటలు’. మనమే ఒక బాటసారి అయిపోయి, కథలోకి దూరి, ఊరూరా తిరిగి, కనిపించిన వాళ్లతో మాట్లాడి, ఏడు కోటల తాళాలు సంపాదించాలి. నాన్న కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు ఆడిన ఆట అది. పోయిన వేసవి సెలవుల్లో శామ్ ఆ పాత సీడీని పాత కంప్యూటర్‌లో వేసి, మొదటి నుంచి చివరిదాకా ఆడేశాడు. ఇప్పుడు అదే ఆటకు కొత్త రంగులు, కొత్త సంగీతం తొడిగి మళ్లీ విడుదల చేశారు. దాన్ని రీమాస్టర్ అంటారు. పాత ఆటలో గాడిద అంటే నాలుగు బూడిదరంగు చుక్కలు. కొత్త ఆటలో గాడిద చెవులు ఆడిస్తుంది, తోకతో ఈగలు తోలుకుంటుంది.

నాన్న ఆ కొత్త ఆట కొని ఒక షరతు పెట్టాడు. “ఆదివారం ఒక్కొక్కరికి ఒక గంట. ముందు మహిమ. నువ్వు ఒకసారి ఆడినావు కదప్పా.”

అక్కడే వచ్చింది చిక్కు. తొమ్మిదేళ్ల మహిమకు ఏమీ తెలియదు. పదకొండేళ్ల శామ్‌కు అన్నీ తెలుసు. అన్నీ తెలిసినవాడు ఏమీ తెలియనివాళ్ల పక్కన కూర్చోవడం ఎంత నరకమో శామ్‌నే అడగాలి. తెర మీద ఇంగ్లీషు మాటలు వస్తే మహిమ ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివేది. “చదవొద్దు, నొక్కు! వాడు దొంగ!” అని శామ్ చెప్పేసేవాడు. పెట్టె కనబడితే, ఆమె మూత తెరవకముందే “దాంట్లో కత్తి ఉండాది” అనేవాడు. ప్రతి ఆదివారం ఇదే వరస. ఇద్దరి ప్రాణాలూ విసిగిపోయాయి.

అన్న మాట వినకుండా మహిమ పట్టుబట్టి చేసిన పని ఒకటుంది. తన గాడిదకు ‘బెల్లం’ అని పేరు పెట్టుకుంది.

“దానికి పేరెందుకు?” అన్నాడు శామ్.

“పిలవడానికి.”

శామ్ ఏదో చెప్పబోయి మానేశాడు. మొత్తం ఆటలో అతను చెప్పకుండా మింగేసిన మాట అదొక్కటే.

ఎట్టకేలకు మహిమ పూలు చూసి వచ్చి, ఊరి చివరకు చేరింది. అక్కడ ఒక బావి. గట్టు మీద ఒక ముసలమ్మ. ఆ తర్వాత కనుచూపు మేరా ఎడారి. మహిమ నేరుగా ముసలమ్మ వైపు నడిచింది.

శామ్ ఎగిరి లేచాడు. “వద్దు! ఆమెతో మాట్లాడొద్దు! మాట్లాడితే ఆట ఆ బావికాడనే ఆగిపోతాది!”

“ఎందుకు ఆగిపోతాది?”

“ఆగిపోతాది, అంతే! నాయన కూడా చెప్పినాడు. ఆమెను తప్పించుకొని నేరుగా పో.”

“పాపం, ఒక్కతే కూర్చోనుండాది.”

“మహీ! ఒక్క మాటన్నా వింటావా నువ్వు?” శామ్ మౌస్ లాక్కోబోయాడు.

మహిమకు ఓపిక అయిపోయింది. “సరే, పోతాండా. నువ్వు గమ్మునుండు!”

ఎడారి సగం దాటేసరికి బెల్లం నడక మందగించింది. చెవులు వేలాడేసింది. ఇంకో నాలుగు అడుగులు వేసి, మోకాళ్ల మీద కూలబడి, వెనక్కి తిరిగి మహిమ వైపు చూసి, ఇసుకలో ఒరిగిపోయింది. తెర మూలన ‘సేవ్ అయింది’ అని చిన్న అక్షరాలు మెరిసి మాయమయ్యాయి.

“అన్నా, బెల్లం లేయడం లేదు.”

“లేయదు. అది ఎప్పుడూ ఈడనే పడిపోతాది. కథే అట్ల.”

“నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

మహిమ ల్యాప్‌టాప్ మూసేసింది. మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. “యేసయ్యా! ఏం చేసినావురా పాపను?”

“నేనేం చేసినా? కథే అట్ల అంటే వినదు!” అని గట్టిగా అన్నాడు శామ్.

గట్టిగా అన్నాడే గానీ, లోపల బాగాలేదు. పోయిన వేసవిలో ఆ నాలుగు చుక్కలు మాయమైన రోజున తనూ అన్నం తినలేదు. కడుపు నొప్పి అని అమ్మకు అబద్ధం చెప్పాడు. గాడిద కోసం ఏడ్చానని ఎవరితో చెప్పుకుంటాడు?

పక్క గదిలో కునుకు తీస్తున్న నాన్న ఈ గోలకు లేచి వచ్చి, సంగతంతా విన్నాడు. “బావికాడి ముసలమ్మతో మాట్లాడనీలేదా పాపను?”

“నువ్వే కదా నాయనా చెప్పింది, మాట్లాడితే ఆట ఆగిపోతాదని!”

నాన్న తల గోక్కున్నాడు. “అది మన సీడీకి ఉన్న రోగమప్పా. ఒకే సీడీ నుంచి మా హాస్టలంతా కాపీలు రాయించుకున్నాం. అందరికీ ఆ బావికాడనే ఆగిపోయేది. అందుకే ఆమెను తప్పించుకొని పొయ్యేవాళ్లం. కొత్తదానికి ఆ రోగం యాడుంటాది?”

“అయితే ఆమె ఏం చెప్తాది?”

“నాకేం తెలుసు? ఇన్నేండ్లయింది, ఒక్కసారన్నా వినలేదు.”

పాడైపోయిన సీడీ నేర్పిన తప్పును శామ్ కథ అనుకున్నాడు. తను అనుకుంటే అనుకున్నాడు, దాన్ని తెచ్చి చెల్లి నెత్తిన రుద్దాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. తన గాడిద కూడా ఉత్తపుణ్యానికే పోయిందన్నమాట! సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గబగబా ల్యాప్‌టాప్ తెరిచి వెతికాడు. ఆట దానంతట అదే సేవ్ అయిపోయింది. వెనక్కి పోయే దారి లేదు. బెల్లం కావాలంటే మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందే.

“మహీ, ఏడవద్దు. ఇప్పుడు నా గంట కదా? గబగబా ఆడి, నిన్ను బావికాడికి చేర్చి ఇస్తా.”

మహిమ గోడ వైపు నుంచే అంది. “నువ్వు ఆడితే అది నీ గాడిద. నా బెల్లం కాదు.”

“నువ్వు ఆడితే శానా వారాలు పడతాది మే!”

“పడనీ. నీకేం నొప్పి?”

శామ్‌కు ఒళ్లు మండింది. సాయం చేస్తానన్నా తప్పేనా? విసురుగా కొత్త ఆట మొదలుపెట్టాడు. తెల్లవారుతున్న మొదటి ఊరు. రెండు దారులు. వేలు అలవాటుగా కుడి వైపుకు నొక్కబోయి ఆగింది. ఎడమ వైపు దారి కొసన ఇక్కడా ఎర్రగా పూలు కదులుతున్నాయి.

“మహీ, ఈ పూలకాడ ఏముండాది?”

మంచం మీది నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “చెప్పను పో. నువ్వే చూసుకో. చెప్పేస్తే ఏం బాగుంటాది?”

శామ్ వేలు తీసేశాడు. లేచి, ల్యాప్‌టాప్‌ను మంచం మీదికి తెచ్చి చెల్లి పక్కన పెట్టాడు. “నా గంట కూడా నువ్వే ఆడుకో.”

మహిమ అనుమానంగా చూసింది. “నువ్వు పక్కన కూర్చోవద్దు.”

“కూర్చుంటా. గమ్మునుంటా.”

“నువ్వా?”

ఆ తర్వాతి ఆదివారాలు శామ్‌కు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. మహిమ ప్రతి బోర్డూ చదివింది. వెళ్లిన దారినే మళ్లీ వెళ్లింది. ఒకసారి మంచి కత్తి అమ్మేసి, బెల్లానికి క్యారెట్లు కొంది! శామ్ చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని కొరికాడు. అదీ చాలక లేచి వెళ్లి రెండు చెంబుల నీళ్లు తాగి వచ్చాడు.

ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండేసరికి అమ్మకు భయమేసింది. వచ్చి శామ్ నుదుటి మీద చెయ్యి పెట్టింది. “జొరమేమన్నా వచ్చిందా వీనికి?”

బావి దగ్గరకు చేరిన ఆదివారం నాన్న కూడా కునుకు మానేసి వచ్చి కూర్చున్నాడు. మహిమ ముసలమ్మను పలకరించింది. ఆట ఆగలేదు. ముసలమ్మ తల ఎత్తింది. తెర మీద ఇంగ్లీషు మాటలు వచ్చాయి. మహిమ వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. శామ్ ఒక్క చూపులో చదివేశాడు. చదివేసి, పెదవులు బిగించి, చెల్లి వేలు వాక్యం చివరకు వచ్చేదాకా కాచుకున్నాడు.

“బిడ్డా, నీ గాడిద పేరేమని అడుగుతాంది!” మహిమ కళ్లు పెద్దవయ్యాయి. ఒక్కో అక్షరం వెతికి ‘బెల్లం’ అని కొట్టింది.

ముసలమ్మ బావిలోంచి నీళ్లు తోడి బెల్లానికి తాగించింది. పెద్ద తోలుసంచి నిండా నీళ్లు నింపి దాని వీపున కట్టింది.

ఆ రోజు ఎడారిలో బెల్లం రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ నీళ్లు తాగి నడిచింది. ఎడారి దాటిన గాడిదను ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. అవతలి గట్టు ఎక్కి అది ఓండ్ర పెట్టగానే నాన్న చప్పట్లు కొట్టాడు. శామ్ మొహం పక్కకు తిప్పి కళ్లు తుడుచుకున్నాడు. సంతోషమో, తన నాలుగు చుక్కలు గుర్తొచ్చో, అతనికే తెలియలేదు.

గట్టు మీద మొదటి కోట. దానికి మూడు తలుపులు. మహిమ ఎడమ తలుపు తోసింది. గబ్బిలాలు మీద పడి బయటికి తరిమేశాయి. ఆమె కెవ్వుమని అరిచి, కడుపు పట్టుకుని నవ్వింది. శామ్‌కు నడిమి తలుపు అని తెలుసు. ఆ మాట నాలుక కొసన గంతులేస్తోంది.

అప్పుడే అమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు గిన్నె నిండా తెచ్చి పెట్టింది. శామ్ గబగబా ఒలిచి గుప్పెడు గింజలు నోట్లో కుక్కుకున్నాడు.

మహిమ ఓరగా చూసింది. “నీకు తెలుసు కదన్నా?”

శామ్ నిండు నోటితో తల ఊపాడు.

“చెప్పొద్దు.”

ఆమె రెండు చేతులూ ఖాళీగా లేవు. శామ్ ఇంకో కాయ ఒలిచి చెల్లి నోట్లో పెట్టాడు. మహిమ నములుతూ కుడి తలుపు వైపు నడిచింది. అదీ కాదు. శామ్ ఇంకో కాయ ఒలిచాడు.