సోమక్కను పిలవకుండా తిప్పిన తాళం

నాన్న పాత కారుకు ఇంజిన్ మార్చే పని ఇంట్లోనే పెట్టుకున్నాను, హన్మకొండలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో. పొద్దున్నుంచీ ముసురు. తోడుగా మెకానిక్ అజహర్ ఉన్నాడు, నాకు చిన్నప్పటి నుంచీ దోస్తు. చీకటి పడేలోపు ఇంజిన్ బిగించేశాం.

ఆ ఇంజిన్ మా వీధి చివరి యాకయ్యన్న కారుది. ఏటూరునాగారం రోడ్డులో వెనక నుంచి లారీ గుద్ది ఆయన పోయాడు. ముందున్న ఇంజిన్‌కు మాత్రం ఏమీ కాలేదు. ఆయన భార్య సోమక్క దాన్ని నాకు ఊరికే ఇచ్చేసింది. ఒక్కటే అడిగింది.

"మొదటిసారి స్టార్ట్ జేసేటప్పుడు నన్ను పిలువు తమ్మీ. ఆ చప్పుడు ఒక్కసారి వింట."

సరేనన్నాను. కానీ టైర్ల కింద నిమ్మకాయలు పెడుతూ మా అమ్మ అడ్డుపడింది.

"మంచిగ బండి మొదలువెడ్తాంటే మొగడు పోయినామెను పిలుస్తవా బిడ్డా? రేపు పిలువు, వింటది."

అది తప్పుడు మాటని నాకు తెలుసు. అయినా సోమక్కను పిలవలేదు.

డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాను. ఇంజిన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. పెట్రోలు వస్తోంది. ప్లగ్గుల్లో నిప్పురవ్వ బాగానే ఉంది. అజహర్ ఎర్త్ వైరు విప్పి, తుప్పు గీకి మళ్లీ బిగించాడు. ప్లగ్గు వైర్ల వరుస సరిచూశాడు.

"అన్నీ సక్కగనే ఉన్నయన్నా. ఎందుకు లేస్తలేదో సమజ్ అయితలేదు."

అంతలో కరెంటు పోయింది. అమ్మ దీపం కోసం లోపలికి వెళ్లింది. రేకుల మీద వాన. షెడ్డు నిండా పెట్రోలు వాసన. అందులోంచి సన్నగా జర్దా వాసన వచ్చింది. మా ఇద్దరిలో ఎవరికీ ఆ అలవాటు లేదు.

బానెట్ మీద అరచేత్తో ఎవరో తట్టారు. మళ్లీ తట్టారు. యాకయ్యన్న రోజూ బండి తీసే ముందు అలాగే తట్టేవాడు.

"అజహర్... నువ్వేనా?"

"నేను నీ డోర్ కాడనే ఉన్నన్నా..."

నా చెవి పక్కన, జర్దా వాసనతో, ఒక గుసగుస.

"సోమి వచ్చిందా?"

లేదనాలి. పిలవలేదని ఒప్పుకోవాలి. సిగ్గేసింది... భయమేసింది...

"వచ్చింది," అన్నాను.

ఇంజిన్ అందుకుంది. నేను తాళం తిప్పలేదు.

తాళం పీకేశాను. ఆగలేదు. అజహర్ బ్యాటరీ వైరు తీసేశాడు. పెట్రోలు పైపు ఊడదీశాడు. ఆగలేదు...

"ఆమెను తోల్కరా అన్నా, జల్ది!"

కాళ్లు పట్టుకునైనా తీసుకొద్దామని వానలో పరుగెత్తాను. సోమక్క ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. స్టవ్ మీద చాయ్ మరుగుతోంది. గడప దగ్గర ఆమె చెప్పులున్నాయి. ఆమె లేదు. "సోమక్కా... సోమక్కా..." పిలుస్తూనే ఉన్నాను. ఆ పిలుపేదో ముందే పిలిస్తే సరిపోయేది.

తిరిగి వచ్చేసరికి ఇంజిన్ ఆగిపోయింది. అజహర్ గోడకు అతుక్కుపోయి, కారులోకి టార్చి కొడుతున్నాడు.

"ఎవ్వరు రాలేదన్నా. అల్లా కసం, నేనీడనే ఉన్న."

డ్రైవర్ పక్క సీటు తడిసి ఉంది. దాని బెల్టు పెట్టి ఉంది.

పోలీసులు ధర్మసాగర్ చెరువు కట్ట దాకా వెతికారు. సోమక్క దొరకలేదు. అడిగినవాళ్లందరికీ నేను ఆమెను పిలవలేదనే చెప్పాను. వచ్చిందని ఎవరితో అన్నానో మాత్రం చెప్పలేదు.

కారు ఇంకా షెడ్డులోనే ఉంది. ఆ బెల్టు సీటుకు ఆనదు. జానెడు ఎడంగా, బిగుతుగా నిలబడి ఉంటుంది. కిటికీ అద్దంలోంచి చూస్తే... మెల్లగా ముందుకు, మెల్లగా వెనక్కి కదులుతూ ఉంటుంది.