కొండ అంచున మిగిలిపోయిన వీరుడు

పూర్వం స్పెయిన్ దేశపు సముద్రతీరాన వల్మేరా అనే చిన్న రాజ్యం ఉండేది. ఒక ఉదయం అక్కడ సమస్తమూ సగంలో ఆగిపోయింది. రేవుకు రావలసిన ఓడ అల మీదే నిలిచిపోయింది. పెళ్లికూతురు ఎల్వీరా వేలికి ఉంగరం సగం దాకా ఎక్కి ఆగింది. రాజ్యం మొత్తంలో కదలగలిగినవాడు ఆమె తండ్రి కోస్మే ఒక్కడే.

కోస్మే బొమ్మల పత్రికలకు సాహసకథలు రాసేవాడు. అతను రాసినదానికి చిత్రకారులు బొమ్మలు గీసేవారు. ముప్పై ఏళ్లలో ఎన్ని కోటలు కూల్చాడో అతనికే గుర్తులేదు గానీ, పాపం, ఊరి పొలిమేర మాత్రం ఎన్నడూ దాటలేదు. ప్రతివారం వీరుణ్ణి ప్రాణాపాయంలో వదిలేసి, తాపీగా భోజనానికి లేచేవాడు.

అతను ఏడుస్తూ రాజ్యం అవతలి కొండమీది సన్యాసి దగ్గరకు పరుగెత్తాడు.

"నాయనా, ఇరవై ఏళ్ల కిందట గలిందో అనే వీరుణ్ణి కొండ అంచున వేలాడదీశావు, గుర్తుందా?" అన్నాడు సన్యాసి.

"ఆ పత్రిక మూతపడింది స్వామీ. వేరే కథ మొదలుపెట్టాను."

"అతను ఇంకా వేలాడుతూనే ఉన్నాడు. అతని నిట్టూర్పే మీకు శాపమైంది. పొద్దుగూకేలోగా పైకి తియ్యి. లేకపోతే నీ కూతురు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది."

సన్యాసి చూపిన దారిన వెళ్లి కోస్మే ఒక అడవిలో అడుగుపెట్టాడు. తాను రాసిన చెట్లే ఆకాశాన్నంటుతూ కళ్లెదుట ఉన్నాయి! రెండు తలల సింహం దారికి అడ్డం వచ్చింది.

"ఎవడ్రా నువ్వు?" అని కుడి తల గర్జించింది.

"నీకు ఆ తలలిచ్చినవాణ్ణి."

ఎడమ తల చిన్నబుచ్చుకుంది. "నాకు ఒక్క మాటైనా రాయలేదేం?"

కోస్మే సిగ్గుపడ్డాడు. "తప్పయింది. ఇప్పుడు చెప్పు, ఏమనాలనుంది?"

ఆ తల చాలాసేపు ఆలోచించి, "అతన్ని పోనీ," అంది కుడి తలతో.

తరువాత అగ్నికందకం. పక్షి కూడా దాటలేదని ఎంత సులువుగా రాసిపారేశాడో! కోస్మే తడిపిన దుప్పటి కప్పుకుని మంటల్లోంచి పరుగెత్తాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి.

కొండ అంచున గలిందో ఒంటిచేత్తో వేలాడుతున్నాడు. కింద మేఘాలు, వాటి కింద సముద్రం. ఇరవై ఏళ్లుగా ఆ చెయ్యి సడలలేదు.

"వచ్చారా అయ్యా! తరువాయి ఏం రాశారు?" అన్నాడు గలిందో. అతని గొంతులో నిష్ఠూరమే లేదు.

కోస్మే కాగితం తీసి, గద్ద వచ్చి ఎత్తుకుపోయిందని రాశాడు. ఏ గద్దా రాలేదు.

"కిందటి కథలోనూ గద్దే కదయ్యా," అని గలిందో నవ్వాడు.

పొద్దు వాలుతోంది. కోస్మే కాగితం విసిరేసి, బోర్లా పడుకుని చెయ్యి చాచాడు.

"వద్దయ్యా, మీరూ పడిపోతారు!"

"పడితే ఇద్దరం పడదాం. ఇవాళ నిన్ను వదిలి లేవను."

భుజం విరిగిపోతున్నట్టున్నా కోస్మే పట్టు వదల్లేదు. గలిందో పైకొచ్చాడు. ఆ క్షణంలోనే ఓడ రేవు చేరింది, ఉంగరం వేలికెక్కింది.

పెళ్లివిందులో గలిందో నవ్వుతూ, పాడుతూ కూడా ఒక చేత్తో బల్ల అంచును బిగించి పట్టుకునే ఉన్నాడు. ఎల్వీరా అతని పక్కన కూర్చుని, ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది.

"ఇక పట్టుకోనక్కర్లేదన్నా," అంటూ ఆ చేతిలో వేడి రొట్టె పెట్టింది.